ఎడమచేతి కలం

మసీదు గుమ్మటం చుట్టూ మట్టిపలకల మీద తిరిగే అరబ్బీ వాక్యం మొత్తం చెల్లెలే రాసింది. నిలువు అక్షరాలు ఈటెల్లా లేచే సులుస్ శైలి. కింది గోడలకు ఇటుకలు పేర్చినట్టుండే కూఫీ. అదీ ఆమె చేతి పనే. అన్నకి చెయ్యి వణకడం మొదలై ఆరేళ్లు. ఆరేళ్లుగా రాత ఆమెది, పేరు ఆయనది.

ఈసారి మాత్రం మాట తీసుకుంది. "ఆఖరి పలక మీద నా పేరుండాలి అన్నయ్యా."

"అలాగేలేవే."

పొద్దున బట్టీకి వెళ్లి చూస్తే ఆఖరి పలక మీద మళ్లీ అన్న పేరే, పాత అచ్చుతో అద్దేశారు. సాయంత్రం కాల్చేస్తారట. కాలిందంటే ఇక చెరగదు.

మధ్యాహ్నం మసీదు కమిటీ వాళ్లు దిగారు. పలకలు బట్టీలో పెట్టేముందు రాత గురువైన ఉస్తాదు ఒక్క వాక్యమైనా అందరి ముందూ రాసి చూపాలి. అది ఈ పనిలో కట్టుబాటు. ఇన్నాళ్లూ కళ్లమంటలని తప్పించుకున్న అన్న ఈసారి దొరికిపోయాడు.

"చిన్న వాక్యమేగా, ఎలాగోలా లాగేస్తా. కలం అందివ్వు" అన్నాడు చెల్లెలి చెవిలో.

ఆమె తన కలమే అందించింది. ఆమెది ఎడమచేతి వాటం. ఆ రెల్లు కలం మొన ఎదురు వాలుగా చెక్కి ఉంటుంది.

అన్న గీశాడు. సన్నగా రావాల్సిన చోట లావు, లావుగా రావాల్సిన చోట సన్నం. కాగితం మీద గొంగళిపురుగు పాకినట్టుంది.

"ఇదేంటి ఉస్తాద్ గారూ?" అధ్యక్షుడి కనుబొమలు ముడిపడ్డాయి.

అన్న మొన వంక చూశాడు. తర్వాత చెల్లెలి వంక. చల్లగా నవ్వాడు. "ఇది మా చెల్లి కలమండీ. పొరపాటున ఇచ్చేసింది, మతిమరుపు మాలోకం."

"గుమ్మటం మీది రాత నాదండీ" అంటూ ఆమె కలం లాక్కుంది. ఊపిరి బిగబట్టి వాక్యం మొత్తం ఒక్క ఊపున రాసేసింది. గుమ్మటం మీది అక్షరమే, ఇసుమంత తేడా లేదు.

అధ్యక్షుడి కళ్లు చెమర్చాయి.

"అచ్చం గురువుగారి చెయ్యే! నీదేంటి, నాదేంటి తల్లీ, అంతా ఆయన పెట్టిన భిక్షేగా! ఎడమచేతి పిల్లకి ఇంత నేర్పాడంటే ఉస్తాదంటే ఈయనేనయ్యా!"

చప్పట్లు మోగాయి. అన్న వినయంగా తలవంచాడు.

"ఆఖరి పలక మీద ఆయన పేరు మరీ చిన్నగా ఉంది" అన్నారెవరో. "రెట్టింపు చేసి కొత్త పలక పెట్టించండి."

"సాయంత్రంలోగా ఎవరు రాస్తారండీ?"

"ఎవరేంటి?" అన్న సిరాబుడ్డి చెల్లెలి వైపు జరిపాడు. "మా చెల్లి ఉందిగా."