ఎవరూ దిగని ఊరు

సన్నోణ్ణి మురుగుగుంటలోంచి పైకి తీసేసరికి ఒళ్లంతా నల్లగా, జారుడుగా ఉంది. వీధి మధ్యలో పడుకోబెట్టారు. మేడల మీంచి చూస్తున్నవాళ్లు ముక్కులకి కొంగులు, రుమాళ్లు అడ్డం పెట్టుకున్నారు. ఒకావిడ పైనుంచే అడిగింది: "మరి, నీళ్లు పోతున్నాయా?"

కాంట్రాక్టరు సన్నోడి తోటి కార్మికుల వైపు తిరిగాడు. "తాగొచ్చి పడ్డాడని చెప్పండి. ఈ ఊళ్లో ఎవడూ దిగడు, తెలుసుగా!"

తెలుసు. మేయరు మొదటి సంతకం మనుషులు గుంటల్లోకి దిగకూడదన్న ఉత్తర్వు మీదే పెట్టాడు. అతను పరాయివాడు కాడు. అతని తండ్రి కూడా ఈ గుంటల్లోనే ఊపిరితిత్తులు పోగొట్టుకున్నాడు. గెలిచాక కార్మికుల పేటల్లో బడులు తెరిచాడు, మంచినీళ్లు తెచ్చాడు. "ఇక మనుషులు దిగరు, మిషన్లే దిగుతాయి" అని ప్రకటించిన రోజున వీళ్లు ఆనందంతో ఏడ్చారు. ఆ సంబరంలోనే పొరపాటు చేశారు. గుంటలోకి దిగేవాడి నడుముకి కట్టే తాడు బావమరిదే పట్టాలని వాళ్లలో ఆనవాయితీ. తోడబుట్టినదాని కాపురం చేతిలో ఉన్నవాడు తాడు వదలడని నమ్మకం. ఆ తాళ్లన్నీ తెచ్చి మేయరు ఆఫీసు ముందు కుప్పపోసి తగలబెట్టారు.

మిషన్లు వచ్చాయి. సందుల్లో పట్టలేదు. సందుల్లో మురుగు పొంగితే కాంట్రాక్టరు మళ్లీ మనుషుల్నే దింపాడు. చట్టప్రకారం దిగేవాడే లేడు గనక తాడూ ఇవ్వలేదు, మాస్కూ ఇవ్వలేదు. సన్నోడు లోపల్నుంచి ఒక్కసారి అరిచాడు. బావమరిది గుంట అంచున బోర్లా పడుకుని ఉత్త చేతులు చాపాడు. అందలేదు.

మేయరు కారు దిగి వచ్చాడు. సన్నోడి భార్య శవం చెవిలోని మురికిని కొంగుతో తుడుస్తోంది. అతను ఆమె పక్కనే నేల మీద చతికిలబడ్డాడు.

"చెల్లెమ్మా, నీకు ఆఫీసులో ఉద్యోగం ఇస్తా. పిల్లని నేను చదివిస్తా. తాగి జారిపడ్డాడని ఒక్క మాట చెప్పు, చాలు."

"ఆయన తాగడన్నా. నువ్వు గెలిచిన రోజున కూడా సోడాయే తాగాడు."

"తెలుసమ్మా. మనిషి దిగాడని తేలితే నా చేతిలో ఓడిన పాతవాళ్లు నన్ను పడగొడతారు. వాళ్లొస్తే బడులు మూసేస్తారు. మీకోసమే అడుగుతున్నా."

గుంపులో గొడవ మొదలైంది. "మనవాడే! మన చేత్తో మనమే పడగొట్టుకుందామా?" అన్నాడు మేస్త్రి.

"మనవాడైతే మన శవాన్ని తాగుబోతుని చేస్తాడా?" అంది వీధులూడ్చే ముసలామె.

"నోర్ముయ్ అత్తా! పాతవాళ్లయితే కొడతారు."

"కొడితే తిరిగి కొట్టొచ్చురా. వీడు మన మీద పడి ఏడుస్తూ గొంతు పిసుకుతున్నాడు. ఓదార్చాలో, విదిలించుకోవాలో తెలిసి చావడంలేదు!"

సన్నోడి భార్య, గుంటలోకి చేతులు చాపిన తన సొంత అన్న వైపు చూసింది. "నీ ఇష్టమే చెల్లీ," అన్నాడతను. "పిల్లదుంది. కాదనమని నేను చెప్పలేను."

ఆమె లేచి నిలబడింది.

"ఇవాళ నేను తాగాడంటే, రేపు చచ్చేవాడూ తాగినవాడే అవుతాడు. నేను చెప్పను. నా మొగుడు దిగాడు. దింపితే దిగాడు!"

ఇనపమూతని గుంట మీదికి ఈడ్చి దానిమీద కూర్చుంది. ఆడవాళ్లు చుట్టూ కూర్చున్నారు. మేయరు లేచి, ప్యాంటుకి అంటిన మట్టి దులుపుకుని, తన వెంట వచ్చిన పోలీసు అధికారి చెవిలో ఏదో చెప్పాడు. కారెక్కి అటువైపు అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. లాఠీ దెబ్బకి ముసలామె మణికట్టు విరిగింది. సన్నోడి భార్యని జుట్టు పట్టి వ్యానులోకి లాగారు. శవాన్నీ పట్టుకుపోయారు. సాయంత్రం వార్తల్లో సన్నోడు తాగి ఉన్నాడు.

తెల్లవారేసరికి మేయరు ఇంటి వీధిలో మురుగు పొంగింది. మనుషుల కోసం పేటకి వెళ్లిన మున్సిపాలిటీ జవాను వట్టి చేతులతో తిరిగొచ్చాడు. ఇళ్లకి తాళాలున్నాయి. ఊళ్లో ప్రతి మూత మీదా ఎవరో ఒకరు కూర్చుని ఉన్నారు. మేయరు గుమ్మం ముందు మూత మీద, మడమల దాకా మురుగులో, మేస్త్రి కూర్చున్నాడు.

"లే మేస్త్రీ. ఇంట్లోకి వచ్చేస్తోంది."

"మనిషి దిగాడని చెప్పండి బాబూ, లేస్తాను."

మేయరు లోపలికెళ్లి ఫోను తీశాడు. కాసేపటికి పోలీసు వ్యాను మలుపు తిరిగింది.

"వచ్చారా?" అని పక్క మూత మీంచి ఎవరో కేకేశారు.

"వచ్చారు," అన్నాడు మేస్త్రి. "గట్టిగా కూర్చో."