అద్దాల బీరువాలో నీలవేణి

పంతొమ్మిది వందల అరవై ఎనిమిది వేసవిలో, రాజాం సంతలో నీలవేణి మిరపకాయలు బేరమాడుతుంటే అమ్మేవాడు ఆమె ముఖంలోకి వంగి చూశాడు.

"ఓలమ్మ, ఫొటో పిల్ల! ఓపాలి ఆ నవ్వు నవ్వీ, గుప్పెడు ఎక్కువేస్తాను."

పక్కనే నిలబడ్డ ఇద్దరు యువకులు ఈల వేశారు.

నీలవేణికి ఏమీ అర్థం కాలేదు. పెళ్లయి ఆర్నెల్లు కాలేదు, ఈ ఊళ్లో తననెరిగిన వాళ్లెవరు? వాళ్లు చెయ్యి చూపిన వైపు నడిచింది. వేంకటాచలంగారి ఫొటో స్టూడియో ముందు, వీధిలోకి కనబడేలా ఒక అద్దాల బీరువా ఉంది. అందులో ఉన్నది తనే. పైట జారి, తల వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుని, పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది. పెదాలకీ బుగ్గలకీ ఎర్రరంగు కూడా పూశారు.

ఆ నవ్వు ఏనాటిదో వెంటనే గుర్తుకొచ్చింది. కొత్తగా పెళ్లయినప్పుడు భర్త సోములుతో కలిసి ఇక్కడే ఫొటో తీయించుకుంది. స్టూడియో వాళ్లిచ్చిన కోటు విప్పబోతే సోములు చెయ్యి లోపలే ఇరుక్కుపోయింది. అతను గిరగిరా తిరుగుతుంటే ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. మూల నిలబడ్డ వేంకటాచలంగారి చేతిలో కెమెరా ఉందన్న ధ్యాసే లేకపోయింది.

ఆ రోజు నుంచి నీలవేణి సంతకు వెళ్లడం మానేసింది. ఇంట్లో నవ్వొచ్చినా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. ఎవరో చూస్తున్నారేమోనని పెరట్లోకి వెళ్లినా చుట్టూ చూసుకునేది. అత్త దేముడమ్మ రెండు మూడు వారాలు ఊరుకుని, చివరికి పట్టుకుని అడిగింది.

"ఏటే, పంటి నొప్పేటి నీకు?"

నీలవేణి ఏడుస్తూ అంతా చెప్పింది. సోములు కర్ర పట్టుకుని లేచాడు.

"నువ్వు కూకో మావా," అంది నీలవేణి, కళ్లు తుడుచుకుని. "మొకం నాది. నానే ఎల్లి అడుగుతాను."

"నానూ వస్తన్నాను, పద," అంది దేముడమ్మ.

అత్తాకోడళ్లిద్దరూ స్టూడియో మెట్లెక్కారు. వేంకటాచలంగారు ఎదురొచ్చి మరీ కుర్చీలు వేశారు. ఆయన చెడ్డవాడు కాదు, తన పని చూసుకుని తానే మురిసిపోయే మనిషి.

"నీ ఫొటో చూసి ఊరంతా మెచ్చుకుంటోందమ్మా! అసలు నువ్వు గర్వపడాలి."

"ఫొటో బాగున్నాది బాబూ. కానీ నాను నవ్వింది మా ఆయన్ని సూసి. ఊరోలందర్నీ సూసి నవ్వినానేటి? తీసీయండి."

"అదేమిటమ్మా! కెమెరా నాది, ఫిల్ము నాది, రంగులు వేసిందీ నేనే."

"అలాగైతే మీ ఇంటావిడ ఫొటో ఎట్టుకోండి. ఆవిడక్కూడా మీరే రంగులెయ్యండి."

వేంకటాచలంగారు అదిరిపడ్డారు. "మా ఆవిడదా! ఎలా పెడతానమ్మా, నలుగురూ చూడరూ?"

అన్నాక ఆ మాట ఆయనకే వినిపించింది. దేముడమ్మ ఆపుకోలేక పకపకా నవ్వేసింది. తెర వెనక నుంచి ఇంకో నవ్వు కలిసింది. ఆయన భార్య లక్ష్మీకామేశ్వరి కొంగున చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, బల్ల మీది తాళంచెవి తీసుకుంది.

"ఏమండీ, ఈ పిల్లను మాత్రం నలుగురూ చూడొచ్చా?" అని, తనే వెళ్లి బీరువా తెరిచి, ఫొటో తెచ్చి నీలవేణి చేతిలో పెట్టింది. "దీని నెగటివు కూడా ఇచ్చెయ్యండి."

వేంకటాచలంగారు లోపలికి వెళ్లి వెతికి తెచ్చారు. "తప్పయిపోయిందమ్మా. అడగాలని తోచలేదు," అన్నారు నేల చూస్తూ. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు. నీలవేణి నెగటివు కొంగున ముడేసుకుంది.

"ఇప్పుడు బీరువా బోసిపోయింది," అని గొణిగారు ఆయన.

దేముడమ్మ కుర్చీలో నిటారుగా సర్దుకు కూర్చుంది. బొడ్లోంచి చుట్ట తీసి ముట్టించి, అక్కడి ఆడవాళ్ల అలవాటు ప్రకారం నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, గుప్పున పొగ వదిలింది.

"నా మొకం ఎట్టు బాబూ. నన్నడిగితే నాను కాదంటానేటి? ఎంత పెద్దగా ఎడతావో ఎట్టు. రంగు మాత్రం ఎయ్యకు."

"అత్తా!" అంది నీలవేణి. నవ్వు ఆగక గోడకు జారబడింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. వేంకటాచలంగారు కెమెరా ఎత్తబోయి, ఆగి, ఆమె వైపు చూశారు.

"నాను వద్దు. అత్తనే తియ్యండి," అందామె.

తర్వాతి సంతకు అత్తాకోడళ్లు కలిసే వెళ్లారు. నీలవేణి మిరపకాయలు, చింతపండు కొని, బేరాలన్నీ ముగించుకుని తిరిగొచ్చేసరికి దేముడమ్మ ఇంకా స్టూడియో ముందే ఉంది. పాతపట్నం నుంచి వచ్చిన బళ్లవాళ్లని ఆపి మరీ బీరువాలోని తన ఫొటో చూపిస్తోంది.

"ఇది నానేరా! సరిగ్గా సూడండి, సుట్ట పొగ కూడా పడ్డాది!"