మడమ నుంచి ఒక్క చుక్క

ఆసుపత్రి ల్యాబ్‌లో ఆమెను అందరూ డేగకళ్లమ్మ అనేవారు. రక్తపు చుక్కలో మలేరియా క్రిమి ఏ మూల నక్కినా పట్టేస్తుందని ఆ పేరు. పైకి విసుక్కునేది గాని, లోలోపల పొంగిపోయేది. పన్నెండేళ్ల ఉద్యోగంలో గర్భిణులకు ఆమె దంచిన ఉపన్యాసాలకు లెక్కే లేదు.

"జ్వరమొస్తే నాన్చకండమ్మా. క్రిమి కడుపులోని మాయలో చేరి, అక్కడి నుంచి బిడ్డకు దిగుతుంది."

అంత తెలిసిన మనిషి, తనకు ఎనిమిదో నెలలో చలిజ్వరం వస్తే మాత్రం పారాసిటమాల్ మింగి, ఉత్త అలసటేనని తనకు తానే సర్టిఫికెట్ ఇచ్చుకుంది. పరీక్ష చేయించుకోమని భర్త బతిమాలితే, "నాకే చెప్పొచ్చావా?" అని నోరు మూయించింది. వారం తర్వాత అతని పోరు పడలేక వేలు గుచ్చుకుని, స్లైడ్ తీసి, నంబరు వేసి మిగతావాటిలో కలిపేసింది. అక్కడ స్లైడ్ల మీద పేర్లుండవు, నంబర్లే; తన నంబరు గుర్తుపెట్టుకోనూ లేదు.

మధ్యాహ్నం ఒక స్లైడ్ నిండా క్రిములే కనిపించాయి.

"ఎవరీ మహాతల్లి? ఇన్నాళ్లూ ఏం వెలగబెడుతోందట?" అని గట్టిగానే తిట్టింది.

రిజిస్టర్ తిరగేసిన పక్క బల్ల టెక్నీషియన్ నీళ్లు నమిలింది. "అక్కా... ఇది మీదే."

మహాతల్లికి ముచ్చెమటలు పోశాయి. ఆ పూటే డాక్టర్ దగ్గరికి పరుగెత్తి, చీవాట్లూ మందులూ రెండూ మింగింది. మూడు వారాలకు ఆడపిల్ల పుట్టింది, కాస్త బరువు తక్కువగా. పిల్ల మడమ గుచ్చి తీసిన రక్తాన్ని తనే చూస్తానని పంతం పట్టి, కుట్లు సలుపుతున్నా ల్యాబ్‌కి వెళ్లింది. కన్నీళ్లకు లెన్సులో అంతా అలికేసినట్టుంది. లేచి, పక్క బల్లావిడకు కుర్చీ ఇచ్చింది. ఆవిడ చాలాసేపు చూసింది.

"ఉన్నాయక్కా. కొన్నే."

"ఈరోజే మందు మొదలుపెడతాం. తగ్గిపోతుంది, భయపడకు," అంది రిపోర్టు చూసిన డాక్టరమ్మ.

భయం సంగతి సరే, సిగ్గుకు మందేది? వార్డులో అత్తగారు మనవరాలిని ఒళ్లో వేసుకుని మురిసిపోతోంది.

"ముక్కు వాళ్ల నాన్నది, నుదురు అచ్చం నాదే. నీ పోలిక మాత్రం ఒక్కటీ కనబడదేమే?"

"నా వంతు రక్తంలో ఇచ్చేశానత్తయ్యా," అంటూ నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపైంది.