ఏడో ఉత్తరం

నేను ఒక సంచిని. ఇప్పుడు పాత ఫైళ్ల కింద, అటకమీద పడి ఉన్నాను. నా ఒంటిమీద ‘మెయిల్’ అన్న నల్లటి ముద్ర సగం చెరిగిపోయింది. ఆ మాట నాకంటే ఎంతో పెద్దది. పూర్వం ఫ్రెంచివాళ్ల నోట దానికి సంచి అనే అర్థం. ఇంగ్లీషులోకి వచ్చాక, సంచిలోని ఉత్తరాలకు ఆ పేరు దక్కింది. తర్వాత ఉత్తరాలు మోసే రైలుకు, ఇప్పుడు కంప్యూటరులో వచ్చే కబుర్లకు. పేరు ఎటు పోయినా మోత మాత్రం నాకే మిగిలింది.

నన్ను పదకొండేళ్లు మోసినవాడు కొర్రా బొంజు. కొండమీది ఊళ్ల నుంచి కింది తపాలా ఆఫీసు దాకా రోజూ నడక. చదువు రాదు. నన్నే ‘మెయిలు’ అనేవాడు.

ఒక వానాకాలం కొండవాగు, అక్కడివాళ్ల మాటలో గెడ్డ, దాటుతుంటే వరద నడుముకెక్కింది. బొంజు కాలు జారింది. నా మూతి తాడు ఊడి, లోపలున్న ఏడు ఉత్తరాలూ కొట్టుకుపోయాయి. నన్ను పళ్లతో కరిచిపట్టుకుని ఒడ్డెక్కాడు.

“మెయిల్ ఏదిరా?” అన్నారు తపాలా ఇన్‌స్పెక్టరు పేర్రాజుగారు.

బొంజు నన్ను రెండు చేతులా చాచాడు. “ఇదిగో బాబూ. వరదలో కూడా ఒగ్గీనేదు.”

“ఇది సంచిరా! లోపలున్నదే మెయిల్!”

మాట పుట్టుకను బట్టి బొంజుదే ఒప్పు. నాకు మూతి ఉంది గాని మాట లేదు. అతన్ని నెలరోజులు పనిలోంచి తప్పించి, నన్ను ఉతికి తెమ్మని అతనికే వదిలేశారు.

నన్ను భుజాన వేసుకుని, ఆ ఉత్తరాలు తన చేతికిచ్చిన ఇంటింటికీ బొంజు తిరిగాడు. “మీ కాయితం గెడ్డలో పోనాది. మల్లీ రాయించండి.” ఆరిళ్లవాళ్లు తిట్టి, రాయించారు. ఏడోది కిల్లో రస్మోది. ఓడరేవు కూలికి పోయి నాలుగేళ్లుగా రాని మొగుణ్ణి రమ్మని బతిమాలుకున్న ఉత్తరం.

రస్మో సామలు చెరుగుతూ తల ఎత్తలేదు.

“వొద్దన్నా. ఆ పాలి సెప్పిన మాటలు మల్లీ నా నోట రావు.”

“తప్పు నాదేనమ్మా.”

“కూకో. అంబలి తాగి ఎల్లు.”

మరుసటేడు ఆ మొగుడి దగ్గర్నుంచే ఉత్తరం వచ్చింది. రస్మో దాన్ని విప్పలేదు, ఎవరిచేతా చదివించలేదు. “పంపినోడికే పంపీ, అన్నా” అంటూ నాలో పడేసింది.

ఆ రోజు నాలో ఉన్నది ఆ ఒక్క ఉత్తరమే. అయినా కొండ దిగేలోపు బొంజు నన్ను మూడుసార్లు దించి, పక్కన కూర్చుండిపోయాడు.