గాజు తాగుతోంది

ఇసుకలో నీళ్లు ఇంకుతున్న చప్పుడు.

మోకాలి కింద, ఎముక లోపల... సన్నగా, చల్లగా.

ఎముకకు చీము పట్టింది. మింగిన మాత్రలు అక్కడిదాకా చేరలేదు. కుళ్లిన మేర గీకేసి, ఆ గుంటలో గాజుపూసలు నింపింది డాక్టరమ్మ. పూస నిండా కంటికి ఆనని చిల్లులు. చిల్లు చిల్లులో మందు. ఒక్కసారిగా కాదు — తడిసిన గోడ చెమ్మగిల్లినట్టు, కొంచెం కొంచెంగా ఊరుతుంది.

ఇదీ పనిచెయ్యకపోతే కాలు తీసెయ్యాలంది.

పెళ్లయినప్పటి నుంచి ఇంట్లో గాజుసామాను పదిలంగా చూసుకున్నది నేనే. ఇప్పుడు గాజుసామానూ నేనే.

జ్వరం పోయింది.

దాని వెంట ఇంకేదో పోయింది.

"ఏమ్మా మరదలా, నీ గొలుసు పోగొట్టానని ఇవాళ దెప్పలేదేం?" అంది చూడ్డానికొచ్చిన మా వదిన.

"ఏ గొలుసు వదినా?"

పకపకా నవ్వింది. "మీ డాక్టరమ్మకి దణ్ణం పెట్టాలి. నోటికి కూడా మందేసింది!"

నేనూ నవ్వాను. లోపల వెతికాను. కోపం ఉండే చోటు కడిగిన పళ్లెంలా ఉంది.

మోకాలి కింద — ఇంకుతున్న చప్పుడు.

తర్వాత మా ఆయన మీది అనుమానం. పోతే పోనీ, పాతదే.

తర్వాత... చనిపోయిన మా అమ్మ గొంతు. చెప్పిన మాటలున్నాయి. గొంతు లేదు.

మందు బయటికొస్తోంది.

ఖాళీ అయిన చిల్లుల్లోకి నేను పోతున్నాను.

డాక్టరమ్మ ఎక్స్-రే వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. "గాజు కరిగి ఎముకలో కలిసిపోతోందమ్మా. ఇంక కాలికి భయం లేదు."

"గాజు తీసెయ్యండి డాక్టర్."

"భలేవారే! ఏది గాజో, ఏది మీరో నాకే తెలియట్లేదు."

మా ఆయన హాయిగా నవ్వారు.

ఇంటికి నా కాళ్ల మీద నేనే నడిచి వచ్చాను.

గుమ్మంలో పాప. ముఖం తెలుసు. పేరు తెలుసు. దాని మీది ముద్దు... ఇక్కడే ఉండాలే, ఇక్కడే ఎక్కడో —

"అమ్మా!"

నేనింకా నోరు తెరవలేదు.

మోకాలి కింద నుంచి, మెత్తగా, మురిపెంగా —

"ఊఁ..."

పాప నా ముఖం వంక చూడలేదు. చతికిలబడి కాలిని వాటేసుకుంది. బడి కబుర్లన్నీ దానికే చెబుతోంది.

ఒక్కటీ ఒలకడం లేదు.

ఇంకుతున్నాయి... ఇసుకలో నీళ్లలా.