శబరి టాకీసులో దుర్గ బొమ్మ

దుర్గ పేరు అమ్మవారి పేరు కాదు. సినిమా పేరు. ఎవరైనా చేతులు జోడించి "మాతాజీ పేరు" అన్నారంటే ఆమెకు చిర్రెత్తుకొస్తుంది.

"మాతాజీ కాదు సాబ్, సినిమాల పిల్ల. నాకేదార్ చేతిల తుపాకి గుంజుకొని, వాని నెత్తిమీదనే ఆకు మోపు పెట్టి, ఆఫీసు దాకా నడిపించింది. ఆ పిల్ల పేరు నాకు పెట్టింది మా అమ్మ."

అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ ఇదే చెప్తుంది. నాకేదార్ అంటే ఇక్కడ అడవి గార్డు. సుక్మా చుట్టుపక్కల బీడీలకు తునికాకు కోసే ఆడవాళ్ళ సంఘానికి దుర్గ నాయకురాలు. ఆకుకట్టలు అప్పగించే కళ్ళం దగ్గర లెక్క రాసే మున్షీ మంచి కట్టను పనికిరాదని విసిరేస్తే ముందు లేచే గొంతు ఆమెదే. ఆ గొంతు ఎక్కడిదని అడిగితే సినిమాదే అంటుంది. అధికారులు నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

నిరుడు చలికాలంలో ఆమె తల్లి సోమికి జగదల్‌పూర్‌లో కళ్ళ పొరలు తీశారు. ఏళ్ళ తరబడి గోడ తడుముకుంటూ తిరిగిన మనిషి. కట్టు విప్పిన రోజు దుర్గ సంబరం పట్టలేక అడిగింది.

"ఏం చూస్తవ్ చెప్పమ్మా! రైలు చూస్తవా? చిత్రకోట జలపాతం చూస్తవా?"

సోమి కూతుర్ని ఏనాడూ ఒక చీర కూడా అడిగిన మనిషి కాదు. కాసేపు ఆలోచించింది.

"శబరి టాకీసుల చూసిన బొమ్మ. ఒక్కసారి మల్ల చూపియ్యి."

"ఏ బొమ్మ?"

"నీ బొమ్మనే."

దుర్గ అక్కడికక్కడే మాటిచ్చేసింది. అంతటితో ఊరుకుందా? సంఘం బైఠక్‌లో కూడా చాటేసింది. ఆకు కోత మొదలయ్యే ముందు, సంత రోజు పొద్దుగూకినాక, అందరూ రండి, దుర్గ బొమ్మ చూద్దురుగాని అని. ఆ సినిమా పేరేమిటో ఆమెకు తెలియదు. మాట ముందు, దారి తర్వాత. ఆమె పోరాటాలన్నీ ఇలాగే మొదలవుతాయి.

శబరి టాకీసు ఒకప్పుడు సుక్మా బజారు నడిబొడ్డున ఉండేది. రేకుల కప్పు, మట్టి గోడలు. గోదావరి వైపునుంచి వచ్చిన చక్రధరరావు అనే బట్టల వ్యాపారి కట్టించాడు. చేతిలో పైసా లేనివాళ్ళు దోసిలి నిండా ఇప్పపువ్వు పోసినా లోపలికి వదిలేవాడట. హాలంతా ఇప్పపువ్వు వాసన కొట్టేదట. వచ్చే బొమ్మలేమో తెలుగువి, హిందీవి. నేల మీద కూర్చునే జనానికి వచ్చినవి దోర్లీ, గోండీ, హల్బీ. అందుకని తెర పక్కన కేసా అనే దోర్లాయన నిలబడి, ఏ మనిషి ఏమంటున్నాడో జనం మాటలో గట్టిగా చెప్పేవాడు.

టీవీలు వచ్చాయి. ఆ వెనకే గొడవల కాలం వచ్చింది, సాయంత్రం ఆటకు జనం ఇల్లు కదలడం మానేశారు. హాలు పడిపోయింది. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల దుకాణం, చెప్పుల దుకాణం. రాజుగారి కోట కూలితే దాని ముందు బోర్డు పెడతారు. ఇంతమంది నవ్విన చోట, ఇంతమంది ముక్కు చీదుకున్న చోట ఒక రాయి కూడా లేదు.

దుర్గ అడగడం మొదలుపెట్టింది. సెల్‌ఫోన్ల దుకాణం అబ్బాయికి టాకీసు అనే మాటే తెలియదు. టీ కొట్టు మంగ్లూ తన బల్ల మీద అరచేత్తో కొట్టి చూపించాడు.

"ఇది శబరి టాకీసు బెంచీనే. నీకన్న ముందర ఎందరు కూసున్నరో దీనిమీద! బొమ్మ పేరు మాత్రం నాకెరుక లేదు దీదీ."

డోర్నపాల్‌లో డేరా టాకీసు ఉన్న చోట ఇప్పుడు లారీలు ఆగుతాయి. కోంటాలో హాలు గోదాము అయిపోయింది. అక్కడి బొమ్మల సంగతి ఎవరూ చెప్పలేకపోయారు. శబరి టాకీసు అనగానే మాత్రం ప్రతి ముసలి ముఖమూ వెలిగింది. ఒకాయన, అన్నదమ్ములు ఎద్దు కోసం కొట్టుకున్న బొమ్మ చూశానన్నాడు. గాదీరాస్‌లో ఒకావిడ, జమీందారు పెళ్ళాం ఇల్లొదిలి నాటు వేయడానికి పోయిన బొమ్మ చూశానంది. ఇంకొకాయన చూసింది దొంగసారా బొమ్మ. అన్నింట్లోనూ ఒక తెల్లగుర్రం ఉంది, ఒక నది ఉంది. దుర్గ దాన్ని పట్టించుకోలేదు. అబ్బో, ఎన్ని సినిమాలు తెచ్చాడో ఆ చక్రధరరావు అని ముచ్చటపడింది. దుర్గ బొమ్మ పేరు మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆఖరికి మంగ్లూయే ఒక దారి చెప్పాడు. టాకీసులో మిషను నడిపిన సత్యమూర్తి తర్వాత ఇనుప గనిలో ఉద్యోగానికి పోయాడు, రిటైరై బచేలిలో కొడుకు క్వార్టరులో ఉంటున్నాడు. దుర్గ బస్సెక్కింది.

"రామ్మా, కూర్చో. ఎండన పడి వచ్చావు, ముందు ఇంత ఉప్మా తిను," అన్నాడు సత్యమూర్తి. పెద్ద బొజ్జ, నిండా నవ్వు.

"తిండి తర్వాత సార్. దుర్గ బొమ్మ పేరేంది? అది చెప్పుండ్రి."

"దుర్గ బొమ్మా? కథేంటి?"

దుర్గ చెప్పింది. తుపాకి, మోపు, నాకేదార్, అన్నీ చెప్పింది. వింటూ వింటూ ఆయన నోరు తెరిచాడు. తర్వాత బొజ్జ ఊగడం మొదలైంది. వంటింట్లోంచి భార్య పరుగెత్తుకొచ్చేదాకా నవ్వాడు.

"వాడి దుంపతెగ! ఒరే కేసాగా, ఎంత పని చేశావురా!"

"ఏందది సార్? నాకు చెప్పి నవ్వుండ్రి."

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "ఆ ఏడు శబరి పొంగి రోడ్డు తెగిపోయిందమ్మా. కొత్త బొమ్మ పెట్టె రాదు, ఉన్న పెట్టె పోదు. వానాకాలమంతా ఒకటే సినిమా. ఎవరో మహారాజు, నిండు నెలల పెళ్ళాన్ని అడవికి తోలేస్తాడు. ఆవిడ ఏడుపు. నేనైతే మిషను దగ్గరే కునుకు తీసేవాణ్ణి. జనం మాత్రం ప్రతి సంతకీ విరగబడి వచ్చేవాళ్ళు. ఎందుకా అని ఒకసారి కిందికి దిగి విన్నాను. కేసా వారానికో కథ చెప్తున్నాడు! పైకి చెయ్యి ఊపేవాడు, సౌండు తగ్గించమని. తగ్గించేవాణ్ణి. వాడి కథే బాగుండేది మరి."

ఫోనులో వెతికి ఆ సినిమా టీవీలో పెట్టాడు. దుర్గ కదలకుండా చూసింది. తెల్లగుర్రం వచ్చింది. నది వచ్చింది. ఒక భటుడు రాణిని అడవిలో వదిలాడు. ఆమె వాడి కాళ్ళ మీద పడింది. పొడుచుకుని చస్తానని వాడి చేతిలో ఈటె లాక్కుంది. వాడు బతిమాలి తిరిగి తీసుకున్నాడు. కొంతసేపటికి వాడే పసిబిడ్డను బుట్టలో పెట్టి, బుట్ట నెత్తిన పెట్టుకుని ఏరు దాటాడు.

"అదుగో నీ ఆకు మోపు," అన్నాడు సత్యమూర్తి మెల్లగా. ఇప్పుడు నవ్వడం లేదు.

"ఆమె పేరు దుర్గ కాదా?"

"కాదమ్మా."

సినిమాను దుర్గ ఫోనులోకి ఎక్కించి ఇచ్చాడు. తిరుగు బస్సులో ఆమె కిటికీకి ముఖం పెట్టి కూర్చుంది. కలెక్టరుకు చెప్పింది, రేంజరుకు చెప్పింది, పోలీసు క్యాంపు ముందు నిలబడి మైకులో చెప్పింది. ఆ పిల్ల ఎక్కడా లేదు. ఉన్నదల్లా ఏడుపుగొట్టు రాణి. అమ్మ కళ్ళు బాగయ్యాక అడిగిన ఒకే ఒక్క కోరిక ఇది. ఆ కళ్ళకు ఈ ఏడుపు ఎలా చూపించాలి?

మర్నాడు కోపం ఎక్కించుకుని కేసా దగ్గరకు పోయింది. శబరి ఒడ్డున గుడిసె ముందు ముసలాయన వెదురు బుట్ట అల్లుతున్నాడు.

"మామా, మా అమ్మకు అబద్ధం చెప్పినవా?"

"ఏ అమ్మకు? హాల్ల మస్తుమంది అమ్మలుండిరి."

"దుర్గ బొమ్మ!"

"ఓ, గా బొమ్మనా!" బుట్ట పక్కన పెట్టేశాడు. "మస్తుండె గద?"

"మస్తుండుడేంది! నేను చూసిన. ఆ రాణి ఏడుస్తనే ఉంది."

"రాసినోనికి బుద్ధి లేదు, ఆమె ఏడ్చింది. నాకు బుద్ధుండె, నేను ఏడ్వనియ్యలే." గొంతు బొంగురుగా, గాలి పోయినట్టు వస్తోంది. "ఆ దినం పొద్దుగాల సంత తొవ్వల నాకేదార్లు ఆడోళ్ళ గొడ్డళ్ళు గుంజుకున్నరు. గొడ్డళ్ళు పోయినోళ్ళంత హాల్ల కూసున్నరు. కాళ్ళ మీద పడేదాన్ని చూపియ్యాల్నా వాళ్ళకు? రేకులు పీకుదురు!"

దుర్గ అయినా వదల్లేదు. "మరి పేరు? దుర్గ అని ఎట్ల పెట్టినవ్?"

"తలుపు తెరిచి ఉండె. ఎదురుంగ బోర్డు. దుర్గా కిరాణా."

"నా పేరు ఉప్పు పప్పు అమ్మే కొట్టు పేరా!"

"ఉప్పు మంచిగుండె ఆ కొట్ల," అన్నాడు కేసా.

కోప్పడదామనే నోరు తెరిచింది. నవ్వొచ్చేసింది. నవ్వి, అక్కడే మట్టిలో కూర్చుంది.

"నువ్వొచ్చి మల్ల చెప్పు మామా. అమ్మ కోసం."

"గొంతేది? బీడీలు తినేసినయ్. నువ్వే చెప్పు."

"నాకు రాదు."

"కళ్ళం కాడ మున్షీకి చెమటలు పట్టిస్తవంట గద!"

"అది కొట్లాట."

"ఇదేందనుకున్నవ్?"

నిజం తల్లికి చెప్పేద్దామని ఆ వారమంతా దుర్గ తిరిగింది. పోయినప్పుడల్లా సోమి ఎవరో ఒకరిని కూర్చోబెట్టుకుని, బొమ్మకు రమ్మని పిలుస్తూనే ఉంది. దుర్గ గడప దగ్గరినుంచే వెనక్కి మళ్ళింది.

సంత రోజు పొద్దుగూకింది. సంఘం షెడ్డు గోడకు తెల్లగుడ్డ కట్టారు. ప్రొజెక్టరు కిరాయికి తెచ్చారు. జనం నేల ఈనినట్టు వచ్చారు. ముందు వరుసలో కొత్త కళ్ళజోడుతో సోమి, పక్కన కేసా. దుర్గ సౌండు పూర్తిగా తీసేసి మైకు పట్టుకుంది. వేలమందిలో మాట్లాడిన మనిషి మైకును రెండుసార్లు తట్టి చూసుకుంది.

తెల్లగుర్రం వచ్చింది. దుర్గ మొదలుపెట్టింది. అడవి మీద హక్కు ఎవరిది, చట్టం ఏమంటుంది, ఆఫీసరు ఏం చేయాలి... జనం ఆవులించారు. ఒక పసిపిల్ల నిద్రపోయింది.

"ఇది బొమ్మనా మీటింగా?" కేసా బొంగురు గొంతు అరిచింది. "గుర్రం మీద ఎవడొస్తుండో చెప్పవేందే!"

అందరూ గొల్లుమన్నారు. దుర్గ ముఖం ఎర్రబడింది. చట్టాన్ని వదిలేసింది. "వాడా? వాడు కాంట్రాక్టరు. కిరీటం చూడుండ్రి, అంతా మన ఆకు మీద కొన్నదే!" అంది. షెడ్డు పగిలేలా నవ్వారు. అక్కణ్ణుంచి మాట ఆగలేదు. కాంట్రాక్టరుకు అమ్మమ్మ పుట్టుకొచ్చింది, గుర్రానికి పేరు పుట్టుకొచ్చింది.

అడవి వచ్చింది. భటుడు వచ్చాడు. తెర మీద రాణి కాళ్ళ మీద పడింది. కన్నీళ్ళు ధారగా కారుతున్నాయి, తెర నిండా అదే ముఖం. ఇంత పెద్ద ఏడుపును ఏ మాట కప్పుతుంది? దుర్గ బొమ్మను ఆపేసింది. రాణి ముఖం అలాగే నిలబడిపోయింది. తల్లి వైపు చూసింది.

"అమ్మా," అంది మైకులోనే. "ఆమె ఏడుస్తోంది."

"కనబడుతోంది," అంది సోమి.

"ఈ బొమ్మల దుర్గ లేదమ్మా. కేసా మామ పుట్టించిండు."

"ఓసి పిచ్చిదానా, గా దినం కూడా ఏడ్చింది. అప్పుడు నాకు కళ్ళు లేవా? హాల్ల అందరికి కనబడె. నీళ్ళు కారుతుంటే కారనిచ్చినం, కేసన్న చెప్పింది ఇన్నం. అది ఇని ఇంటికి పోయినం. తెల్లారి నలుగురం పోయి గొడ్డళ్ళు ఇయ్యమని ఆఫీసు ముందర కూసున్నం. ఆ బొమ్మ చూపియ్యమన్న నేను. ఈ రాణి ఎవరో నాకెందుకు?"

కేసా నేల చూస్తున్నాడు, ఆయన మీసం కింద నవ్వు దాగడం లేదు. సోమి కళ్ళజోడు సర్దుకుంది.

"ఆపినవేంది మరి? ఈటె ఇంక వాని చేతిలనే ఉండె. గుంజుకోనియ్యి."

దుర్గ బొమ్మను కదిపింది. రాణి చెయ్యి చాచింది. "ఇగో, దుర్గ లేచింది!" అని దుర్గ అరిచేసరికి వెనకనుంచి ఆడవాళ్ళు ఒక్క గొంతుతో "గుంజు! గుంజు!" అన్నారు. ఈటె ఆమె చేతికొచ్చింది. తర్వాత భటుడు నెత్తిన బుట్టతో ఏట్లోకి దిగాడు. సోమి ముందుకు వంగి, "టోపీ కూడా తీసేయమను, నీళ్ళల్ల పడనీ," అంది. తెర మీది భటుడికి తలపాగా గట్టిగా చుట్టి ఉంది, ఊడే రకం కాదు. అయినా దుర్గ దాన్ని ఏట్లో పారేసి, నాకేదార్‌ను ఆఫీసు దాకా నడిపించింది.