పళ్లెం చాపిన పెట్టె

మార్కాపురంలో మొహిద్దీన్ బాషా నడిపే పరీక్షల సెంటర్లో ఊడ్చే పని లీదియాది. చెల్లెలి కూతురు రెబెకాను అక్కడ కంప్యూటర్ల పనికి చేర్పించిందీ ఆమే. అందుకే ఆ పొద్దున బాషా రెబెకాతో అన్న మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది.

"అమ్మాయ్, రేపు పిల్లలకు పరీక్ష. నేను గిద్దలూరు పోయి వచ్చేలోపల సర్వరు పలకాల. లేదంటే ఒంగోలోళ్లను పిలుస్తా. నువ్వు ఇంటికాడ ఉండొచ్చు."

సర్వరంటే హాల్లోని కంప్యూటర్లన్నిటికీ పరీక్ష పేపరు పంపే, మూలగదిలోని పాత నల్లపెట్టె. దానికి తెర లేదు, కీబోర్డూ లేదు.

"కళ్లు లేనిదానికి ఎట్ల చెప్తావే?" అంది లీదియా.

"అది అడిగేవన్నీ ముందే రాసి డిస్కులో పెట్టినా పెద్దమ్మా. మనిషి అక్కర్లా. డిస్కులోని సాఫ్ట్‌వేరు దానంతట అదే ఎక్కించుకుంటాది."

రెబెకా డిస్కు పెట్టి, హాల్లో వైర్లు కలపడానికి వెళ్లింది. లీదియా గది ఊడుస్తూ పెట్టెను ఒక కంట కనిపెట్టింది. అది గుర్రుగుర్రుమని తిరిగి, ఉన్నట్టుండి పళ్లెం బయటికి చాపింది. పళ్లెంలో డిస్కు అట్లాగే ఉంది.

"పిల్ల అంత కష్టపడి పెడితే తినవేందే?" అని లీదియా దాన్ని లోపలికి నెట్టింది. పెట్టె మళ్లీ గుర్రుమంది. కాసేపటికి మళ్లీ చాపింది. మళ్లీ నెట్టింది. చివరికి విసుగొచ్చి, పళ్లెం రాకుండా పెద్ద పలకరాయి ఒకటి తెచ్చి అడ్డం పెట్టింది.

పొద్దు వాలేసరికి రెబెకా ఏడుపుమొహంతో వచ్చింది. "ఎప్పుడో అయిపోవాల. నేనే తప్పు రాసినట్టుంది."

"నీ తప్పేం లేదే. దానికే ఒళ్లు పొగరు. చాపినప్పుడల్లా నేను నెడతానే ఉన్నా."

"నెట్టినావా!" రెబెకా నెత్తి పట్టుకుంది. "అయిపోతే పళ్లెం చాపమని నేనే రాసినా. డిస్కు మళ్లీ లోపలికి పోతే, రాయి తగిలి పోయినా సరే, మొదట్నించీ ఎక్కించుకుంటాది!"

"నాకేం తెలుసు? మనింట్లో పళ్లెం చాపితే మారు వడ్డిస్తాం గదా!"

లీదియా రాయి తీసిందో లేదో, బయట బాషా బండి ఆగింది.

"ఏందక్కా, అయిందా?"

"అయిపోవచ్చింది. కూర్చో బాయ్, టీ తాగు."

మూలగదిలోనే కూర్చోబెట్టి ఒక గ్లాసు తాగించింది. చాలంటే ఇంకోటి పోసింది. గిద్దలూరు ఎండల సంగతి అడిగి మూడోది పోసింది. అప్పుడు టక్కుమని పళ్లెం బయటికొచ్చింది. కంప్యూటర్లు చూడ్డానికి రెబెకా హాల్లోకి పరిగెత్తింది. లీదియా చెయ్యి అలవాటుగా లేచింది. పళ్లెం నెట్టకుండా రెండో చేత్తో ఆ చేతిని పట్టుకుంది.

"అదేంది, తెరుచుకునింది? తగిలి ఇరిగిపోతాది," అని బాషా లేచి చెయ్యి చాపాడు.

"ముట్టుకోవద్దు!" లీదియా అరిచిన అరుపుకు ఆ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

హాల్లోంచి రెబెకా కేక వినిపించింది: "పలికింది పెద్దమ్మా, పలికింది!"

చాపిన ఆ చేతిలో లీదియా నాలుగో గ్లాసు పెట్టింది.